"హూవర్ చేశావా?": ఒక కంపెనీ పేరు ఇంటి పని అయిపోతే ఏం జరుగుతుంది?

యూకేలో ఉంటున్న మన వాళ్లతో ఒక పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడి చూడండి. "వీకెండ్ కదా, ఇల్లంతా హూవర్ చెయ్యాలి" అనే మాట ఎక్కడో ఒక చోట దొర్లుతుంది. అదే అమెరికాలో ఉన్నవాళ్లయితే "వ్యాక్యూమ్ చెయ్యాలి" అంటారు. పని ఒకటే, మిషన్ ఒకటే, మాట మాత్రం వేరు. ఇందులో వింత ఏంటంటే, హూవర్ అనేది పక్కా అమెరికన్ కంపెనీ. పుట్టింటివాళ్లు వదిలేసిన పేరుని బ్రిటన్ నెత్తిన పెట్టుకుంది.

ఈ సెప్టెంబర్ ఇన్‌టేక్ సీజన్ వస్తే చాలు, నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి: "అన్నా, యూకేలో రూమ్‌కి ఏ హూవర్ తీసుకోవాలి?" అడిగేవాళ్లకి కావాల్సింది వ్యాక్యూమ్ క్లీనర్. కానీ నోట్లోంచి వచ్చేది ఒక బ్రాండ్ పేరు. ఇది వినడానికి చిన్న విషయమే. కానీ డబ్బులు పెట్టి కొనేటప్పుడు ఈ గందరగోళం నిజంగానే జేబుకి చిల్లు పెట్టగలదు. అది ఎలాగో చెప్పాలంటే ముందు కథ కొంచెం వెనక్కి వెళ్లాలి.

అసలు "వ్యాక్యూమ్" కూడా పూర్తి నిజం కాదు

లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అని ఒక ఇంజనీర్ ఉండేవాడు. అప్పటికి దుమ్ము దులిపే మిషన్లు కొన్ని ఉన్నాయి. కానీ అవి గాలిని ఊదేవి. ఊదితే దుమ్ము లేస్తుంది, కాసేపటికి మళ్లీ అక్కడే పడుతుంది. ఊదడం కాకుండా పీల్చితే ఎలా ఉంటుంది అని బూత్‌కి అనిపించింది. ఒక రెస్టారెంట్‌లో కుర్చీ సీటు మీద చేతిరుమాలు పరిచి, దాని మీద నోరు పెట్టి గట్టిగా పీల్చి చూశాడట. రుమాలు అడుగున నల్లగా మరక పడింది. ఐడియా పనిచేస్తుందని తేలిపోయింది.

1901లో బూత్ తయారు చేసిన మిషన్ ఇంట్లో పట్టేది కాదు. పెట్రోల్ ఇంజన్‌తో నడిచే పెద్ద బండి అది, గుర్రాలు లాగేవి. బండిని వీధిలో ఆపి, పొడుగాటి పైపులు కిటికీల్లోంచి లోపలికి పంపి తివాచీలు శుభ్రం చేసేవాళ్లు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో తివాచీల దుమ్ము తీసింది ఈ మిషనే. బూత్ పెట్టిన కంపెనీ పేరు బ్రిటిష్ వ్యాక్యూమ్ క్లీనర్ కంపెనీ. అంటే మనం ఈరోజు వాడే మాట అక్కడే ఉంది.

ఇక్కడ ఒక టెక్నికల్ పాయింట్. వ్యాక్యూమ్ అంటే శూన్యం. మీ ఇంట్లో మిషన్ శూన్యం సృష్టించదు, లోపల గాలి ఒత్తిడిని కొంచెం తగ్గిస్తుంది, అంతే. బయట గాలి ఒత్తిడి సుమారు 1,01,325 పాస్కల్స్. ఒక రోబో వ్యాక్యూమ్ బాక్స్ మీద 10,000 పాస్కల్స్ అని పెద్ద అక్షరాల్లో ఉందనుకోండి. లోపలి ఒత్తిడి బయటకంటే దాదాపు పదో వంతు తగ్గిందని దాని అర్థం. ఆ తేడాని పూడ్చడానికి బయట గాలి లోపలికి దూసుకొస్తుంది, దారిలో ఉన్న దుమ్ముని తోసుకుంటూ వస్తుంది. నిజానికి మిషన్ లాగదు, గాలే తోస్తుంది.

ఊడ్చే ఉద్యోగి, జీనుల వ్యాపారి

ఇంట్లో చేత్తో పట్టుకుని వాడే కరెంటు మిషన్ కథ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కాంటన్ అనే ఊళ్లో మొదలవుతుంది. జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో క్లీనింగ్ పని చేసేవాడు. ఆయనకి ఆస్తమా. చీపురు పట్టి ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడేది కాదు. ఉద్యోగం మానలేడు, ఆ దుమ్ము పీల్చనూ లేడు. అందుకే ఒక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి ఒక దిండు గలీబు కలిపి మిషన్ కట్టుకున్నాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పక్కా జుగాడ్. 1908 జూన్‌లో దానికి పేటెంట్ వచ్చింది.

పేటెంట్ అయితే ఉంది, పెట్టుబడి లేదు. అప్పుడు సీన్‌లోకి వచ్చినవాడు విలియం హెన్రీ హూవర్. ఆయనది తోలు వ్యాపారం, గుర్రాల జీనులు, పట్టీలు చేసేవాడు. రోడ్ల మీదకి కార్లు వస్తున్నాయి, గుర్రాల రోజులు అయిపోతున్నాయని ఆయనకి అర్థమైంది. స్పాంగ్లర్ దగ్గర పేటెంట్ కొని 1908లోనే ఎలక్ట్రిక్ సక్షన్ స్వీపర్ కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి మిషన్ ధర 60 డాలర్లు. పేపర్లో ప్రకటన ఇచ్చి, పది రోజులు ఇంట్లో వాడి చూడండి, ఉచితం అన్నాడు. ఇప్పటి "10 డేస్ ఫ్రీ ట్రయల్" అప్పుడే ఉందన్నమాట. తర్వాత కంపెనీ పేరులోకి హూవర్ ఇంటిపేరు చేరింది.

కనిపెట్టినవాడు స్పాంగ్లర్. ప్రపంచం నోట్లో మిగిలింది మాత్రం పెట్టుబడి పెట్టినవాడి పేరు. లేకపోతే ఈరోజు లండన్‌లో జనం "ఇల్లు స్పాంగ్లర్ చేశావా?" అనుకుంటూ ఉండేవాళ్లేమో.

మరి బ్రిటన్‌లోనే ఎందుకు?

అమెరికాలో హూవర్‌కి పోటీ చాలా ఎక్కువ. యురేకా, ఎలక్ట్రోలక్స్, కిర్బీ ఇలా ఇంటింటికీ తిరిగి అమ్మే కంపెనీలు బోలెడు. ఏ ఒక్క పేరూ అందరి నోళ్లలో స్థిరపడలేదు. దాంతో "వ్యాక్యూమ్" అనే మామూలు మాటే క్రియగా మారింది. పైగా అమెరికన్లకి హూవర్ అంటే ముందు గుర్తొచ్చేది ప్రెసిడెంట్ హెర్బర్ట్ హూవర్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన ఆహార శాఖ చూసేటప్పుడు, తిండి పొదుపు చేయడాన్ని "హూవరైజ్" అనేవాళ్లు. ఆ హూవర్‌కీ మన మిషన్ హూవర్‌కీ ఏ సంబంధమూ లేదు.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో హూవర్ అక్కడ గట్టిగా పాతుకుపోయింది. 1930ల మొదట్లో పశ్చిమ లండన్‌లోని పెరివేల్‌లో తెల్లటి ఆర్ట్ డెకో ఫ్యాక్టరీ భవనం కట్టింది. అది ఇప్పటికీ హూవర్ బిల్డింగ్ అనే పేరుతోనే ఉంది. లోపల ఇప్పుడు ఫ్లాట్లున్నాయి, వెనక సూపర్ మార్కెట్ ఉంది. మిషన్లు పోయినా పేరు గోడకి అలాగే ఉండిపోయింది.

ఇంకో కారణం బ్రిటన్ ఇళ్లు. గోడ నుంచి గోడకి పరిచిన కార్పెట్ మీద చీపురు పనిచేయదు. కాబట్టి మిషన్ వారానికి రెండు మూడు సార్లు బయటకి రావాల్సిందే. ఒక వస్తువు పేరు క్రియ అవ్వాలంటే అందరికీ తెలిస్తే సరిపోదు, దాన్ని రోజూ వాడాలి కూడా.

ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, లెస్టర్‌లో చదువుకునే నా ఫ్రెండ్ ఒకడికి మొదటి వారంలోనే దీని దెబ్బ తగిలింది. షేరింగ్ ఇంట్లో కిచెన్ గోడ మీద పనుల లిస్టు, అందులో వీడి పేరు పక్కన "హూవర్, మంగళవారం" అని ఉంది. మెట్ల కింద అర తెరిచి చూస్తే కళ్లు, నవ్వు మొహం ఉన్న గుండ్రటి ఎర్ర మిషన్ ఒకటి, దాని మీద "హెన్రీ" అని రాసి ఉంది. "భాయ్, హూవర్ కనపడట్లేదు, హెన్రీ అని ఎవరో ఉన్నారు" అని హౌస్‌మేట్‌కి మెసేజ్ పెట్టాడు. ఆ హెన్రీ కూడా వ్యాక్యూమ్ క్లీనరే. సోమర్‌సెట్‌లోని చార్డ్‌లో ఉన్న న్యుమాటిక్ కంపెనీ చేస్తుంది. బ్రిటన్‌లో ఆఫీసులు, స్కూళ్లు, హోటళ్లు ఎక్కడ చూసినా అదే నవ్వు మొహం. మీరు అక్కడ హౌస్‌కీపింగ్ పార్ట్‌టైమ్‌కి అప్లై చేస్తే పని వివరాల్లో "హూవరింగ్" అని ఉంటే కంగారు పడకండి, ఏ కంపెనీ మిషన్ అయినా అదే మాట.

మిగతా దేశాలు ఏమంటాయి?

చెక్ భాషలో వ్యాక్యూమ్ చేయడాన్ని మామూలు మాటల్లో "లుక్సోవట్" అంటారు, మిషన్‌ని "లుక్స్" అంటారు. ఇది స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్‌ నుంచి వచ్చింది. పోలండ్‌లో పాతతరం నోట్లో "ఎలెక్ట్రోలుక్స్" అనే మాట వినపడుతుంది. అంటే యూరప్‌లో ఒక చోట హూవర్ గెలిస్తే ఇంకో చోట ఎలక్ట్రోలక్స్ గెలిచింది.

ఇంకొన్ని భాషలు బ్రాండ్ జోలికే పోలేదు. జర్మన్‌లో "స్టౌబ్‌సౌగర్", అంటే దుమ్ము పీల్చేది. పర్షియన్‌లో "జారూబర్కీ", టర్కిష్‌లో "ఎలెక్ట్రిక్లి సుపుర్గె". రెండింటికీ అర్థం ఒకటే: కరెంటు చీపురు. నన్నడిగితే అన్నిట్లోకీ చక్కటి పేరు ఇదే. మనం కూడా "కరెంటు చీపురు" అనుకుని ఉంటే ఎంత బాగుండేది!

మన దగ్గర ఈ మాట ఎందుకు పుట్టలేదు?

తెలుగులో పనికి పేరు పనిముట్టుని బట్టి రాదు, చేసే తీరుని బట్టి వస్తుంది. ఊడ్చడం, తుడవడం, దులపడం, కడగడం, తెలంగాణలో అయితే ఊకుడు. దుమ్ముని పీల్చడం మాత్రం మన లిస్టులో లేదు. బండలు, టైల్స్ ఉన్న ఇంటికి చీపురు, తడిగుడ్డ చాలు. వ్యాక్యూమ్ క్లీనర్ వచ్చినా సోఫాకీ, కారుకీ, పండగ ముందు బూజులు దులిపేటప్పుడూ బయటకి తీసి మళ్లీ అటక ఎక్కించేదే.

దీనికి ఒక మంచి రుజువు ఉంది. 1982లో మన దేశంలో యురేకా ఫోర్బ్స్ మొదలైంది. అందులో ఆ ఎలక్ట్రోలక్స్ కూడా భాగస్వామి. టై కట్టుకుని ఇంటికి వచ్చి, మన సోఫా మీదే డెమో ఇచ్చి దుమ్ము చూపించే సేల్స్‌మెన్ మీ అమ్మానాన్నలకి కచ్చితంగా గుర్తుంటారు. ఆ కంపెనీ యూరోక్లీన్ అనే వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్మింది, ఆక్వాగార్డ్ అనే వాటర్ ప్యూరిఫైయర్లూ అమ్మింది. కంపెనీ అదే, గుమ్మం అదే. కానీ "ఆక్వాగార్డ్ నీళ్లు" అనే మాట ఇళ్లల్లో నిలబడింది, "యూరోక్లీన్ చెయ్యి" అని మాత్రం ఎవరూ అనలేదు. నీళ్లు రోజూ తాగుతాం, సోఫా రోజూ దులపం. అంతే తేడా.

అలా అని మనకి బ్రాండ్ క్రియలు లేవనుకోకండి. జిరాక్స్ తీయించుకుంటాం, మిషన్ కానన్‌ది అయినా సరే. పొలం చదును చేయడానికి జేసీబీ పెట్టిస్తాం, బండి మీద వేరే కంపెనీ పేరున్నా సరే. ఇక టీ కొట్టు దగ్గర "అన్నా, ఫోన్‌పే చేశా చూడు" అంటాం. అక్కడున్న క్యూఆర్ కోడ్ పేటీఎంది, మన ఫోన్‌లో ఉన్నది గూగుల్ పే. అయినా టీ కొట్టు అన్నకీ, మనకీ ఇద్దరికీ అర్థమైపోతుంది. అసలు డబ్బుని మోసే యూపీఐ పేరు మాత్రం చాలా తక్కువ సార్లు వినపడుతుంది. స్పాంగ్లర్‌కి జరిగింది కూడా ఇదే.

కంపెనీకి ఇది వరమా, శాపమా?

పైకి చూస్తే ఇంతకంటే గొప్ప ఫ్రీ పబ్లిసిటీ ఉండదు. కానీ కంపెనీల లాయర్లకి ఇది పీడకల. పేరు మరీ మామూలు మాట అయిపోతే ట్రేడ్‌మార్క్ హక్కు పోవచ్చు. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ బ్రాండ్ పేరు, అమెరికాలో 1950లో ఆ హక్కు పోయింది. థర్మోస్ పరిస్థితీ 1960ల్లో అక్కడ అంతే. ఆస్పిరిన్ విషయంలో 1921లో అమెరికా కోర్టులో బేయర్‌కి దెబ్బ తగిలింది.

మరి గూగుల్? "గూగుల్ చెయ్యి" అని ప్రపంచమంతా అంటోంది కదా. ఒకతను గూగుల్ పేరు కలిసిన 763 డొమైన్ పేర్లు రిజిస్టర్ చేసుకుని, గూగుల్ ఇక మామూలు మాటే అని వాదించాడు. 2017లో అమెరికా అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. జనం ఒక పేరుని క్రియగా వాడినంత మాత్రాన హక్కు పోదు, సెర్చ్ ఇంజన్లన్నిటినీ కలిపి జనం "గూగుల్" అనే పిలుస్తున్నారా అనేదే ప్రశ్న అంది. బ్రిటన్ చట్టంలో అయితే, యజమాని చేసిన పని వల్ల గానీ పట్టించుకోకపోవడం వల్ల గానీ ఆ పేరు వ్యాపారంలో మామూలు మాట అయిపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయొచ్చు. హూవర్‌కి ఆ గతి పట్టలేదు. బ్రిటన్‌లో షాపుకి వెళ్లి చూడండి, డైసన్ బాక్స్ మీదా హెన్రీ బాక్స్ మీదా "వ్యాక్యూమ్ క్లీనర్" అనే ఉంటుంది. హూవర్ అనేది జనం నోట్లో మాట, బాక్స్ మీద మాత్రం ఒక్క కంపెనీ సొత్తు.

అసలు శాపం ఇంకోటి ఉంది. మాట బతకడానికి కంపెనీ బాగుండాల్సిన పని లేదు. 1992లో హూవర్ బ్రిటన్‌లో ఒక ఆఫర్ పెట్టింది: 100 పౌండ్ల సరుకు కొంటే రెండు విమాన టికెట్లు ఉచితం. మొదట యూరప్‌కి, తర్వాత అమెరికాకి కూడా. టికెట్ల ఖరీదే మిషన్ కంటే చాలా ఎక్కువ. జనం టికెట్ల కోసమే మిషన్లు కొన్నారు. కంపెనీ ఇవ్వలేకపోయింది, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి, నష్టం దాదాపు 50 మిలియన్ పౌండ్లకి చేరింది. మరుసటి సంవత్సరమే, 1993లో, 5,127 ప్రోటోటైప్‌ల తర్వాత జేమ్స్ డైసన్ బ్యాగ్ లేని డీసీ01 దించాడు. తర్వాత హూవర్ కూడా సైక్లోన్ మోడల్ తెస్తే, పేటెంట్ కేసులో 2000లో డైసనే గెలిచాడు. ఇంత జరిగాక కూడా బ్రిటన్ జనం ఏమంటారో తెలుసా? "డైసన్‌తో హూవర్ చేశాను." ఒక కంపెనీకి ఇంతకంటే చేదు మాట ఉంటుందా?

ఇక మీ జేబు సంగతి

ఇప్పుడు మొదట్లో చెప్పిన పాయింట్‌కి వద్దాం. హూవర్ అనే పేరు ఈరోజు ఒకే కంపెనీది కాదు. 1989 నుంచి హూవర్ అమెరికాకే చెందిన మేటాగ్ చేతిలో ఉండేది. టికెట్ల గొడవ తర్వాత 1995లో యూరప్ వ్యాపారాన్ని ఇటలీ కంపెనీ క్యాండీకి అమ్మేశారు. క్యాండీని 2019లో చైనా కంపెనీ హైయర్ తీసుకుంది. అమెరికా హూవర్ మాత్రం 2007లో హాంకాంగ్ కంపెనీ టీటీఐ చేతికి వెళ్లింది. అదే సంవత్సరం హూవర్ పుట్టిన నార్త్ కాంటన్ ఫ్యాక్టరీ మూతపడింది. తమాషా ఏంటంటే, ఈ టీటీఐకి బ్రిటన్‌లో కూడా వ్యాక్యూమ్ బ్రాండ్ ఉంది, దాని పేరు వ్యాక్స్.

దీని అర్థం ఏంటి? యూట్యూబ్‌లో అమెరికన్ రివ్యూవర్ "హూవర్ సూపర్" అన్నాడని యూకే సైట్‌లో హూవర్ ఆర్డర్ పెడితే, మీ ఇంటికొచ్చేది వేరే కంపెనీ మిషన్. డిజైన్ వేరు, ఫిల్టర్ వేరు, స్పేర్ పార్ట్స్ వేరు, సర్వీస్ వేరు. అమెరికా నుంచి ఎవరైనా మోసుకొస్తే అదింకో తలనొప్పి, అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడా యూకేలోనూ 230.

ఫోన్లూ టీవీల విషయంలో ఇది మనకి కొత్త కాదు. కొడాక్ పేరు మీద మన దేశంలో టీవీలు అమ్మేది ఆ పేరు లైసెన్స్ తీసుకున్న భారతీయ కంపెనీ. మోటరోలా ఫోన్లు లెనోవోవి. పేరు పాతదే, వెనక ఉన్న చేతులు కొత్తవి. అందులో తప్పేం లేదు, మంచి ప్రోడక్ట్ కూడా రావచ్చు. కాకపోతే పేరు చూసి పాత నమ్మకాన్ని ఫ్రీగా ఇచ్చేయకూడదు.

కాబట్టి వ్యాక్యూమ్ కొనేటప్పుడు నేను చెప్పేది ఇంతే:

- మాట పక్కన పెట్టి మోడల్ నంబర్ చూడండి. రివ్యూలో ఉన్న నంబర్, సైట్‌లో ఉన్న నంబర్ ఒకటేనా?
- ఆ దేశంలో ఆ బ్రాండ్ ఎవరిదో, సర్వీస్ ఎవరిస్తారో, ఫిల్టర్లూ బ్రష్‌లూ విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి.
- వాట్స్ చూసి మోసపోవద్దు. అది మిషన్ తాగే కరెంటు, పీల్చే బలం కాదు. యూరోపియన్ యూనియన్ 2014లో వ్యాక్యూమ్‌లకి 1,600 వాట్స్, 2017లో 900 వాట్స్ అని పరిమితి పెట్టింది. తక్కువ కరెంటుతో బాగా పీల్చే డిజైన్లు చేయమనే దాని ఉద్దేశం.
- పాస్కల్స్ ఒక్కటే చూసినా చాలదు. ఆ నంబర్ సాధారణంగా గాలి దారి పూర్తిగా మూసినప్పుడు వచ్చే గరిష్ఠ ఒత్తిడి. దుమ్ముని మోసుకెళ్లేది గాలి ప్రవాహం. ఒత్తిడి, ప్రవాహం రెండూ కలిపి చెప్పేది ఎయిర్ వాట్స్. అది ఇచ్చి ఉంటే దాన్ని పోల్చండి.
- కార్పెట్ ఇంటికి తిరిగే బ్రష్ ఉన్న హెడ్ ముఖ్యం. మన టైల్స్ ఇంటికి మెత్తటి రోలర్, లేదా మాప్ కూడా ఉన్న రోబో నయం.

రోబోల దగ్గర ఇదే కథ మళ్లీ నడుస్తోంది చూడండి. ఐరోబోట్ 2002లో రూంబా తెచ్చింది, అమెరికాలో ఇప్పుడు ఏ రోబో వ్యాక్యూమ్‌నైనా చాలామంది రూంబా అనే అంటారు. కానీ ఆ కంపెనీ కష్టాల్లో పడింది. కొంటానన్న అమెజాన్ 2024 జనవరిలో వెనక్కి తగ్గింది. మార్కెట్‌లో రోబోరాక్, ఎకోవాక్స్, డ్రీమీ లాంటి చైనా పేర్లు దూసుకెళ్తున్నాయి. జనం మాత్రం ఎకోవాక్స్ ఆన్ చేసి "రూంబా తిరుగుతోంది" అంటున్నారు.

నోటికి ఏది అలవాటైతే అది అనండి, హూవర్ చెయ్యండి, ఫోన్‌పే కొట్టండి, జిరాక్స్ తీయించుకోండి. భాష అలాగే పెరుగుతుంది, దాన్ని ఏ లాయరూ ఆపలేడు. కార్డు గీకే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఆ పేరు వెనక ఈరోజు ఎవరున్నారో చూసుకోండి.